డ్రిల్లు మాస్టారికి బీపీ ఏమిటి?

సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం. మా స్కూలు పూర్వ విద్యార్థులు విశాఖ పెదవాల్తేరులో ఒక కల్యాణ మండపంలో రక్తదాన శిబిరం పెట్టారు. నేను ఏడాదికి రెండు మూడు సార్లయినా రక్తం ఇస్తుంటాను. మంచం మీద పడుకుని, రబ్బరు బంతి పిసుకుతూ, వచ్చేపోయే పాత శిష్యులను ఆటపట్టించడం నాకు సరదా. ఆ రోజు కూడా ఫారం నింపి, వేలు కుట్టించుకుని, బీపీ చూసే బల్ల దగ్గర చెయ్యి చాపాను. ఆ అమ్మాయి ఒకసారి చూసింది. పట్టీ విప్పి మళ్లీ కట్టి ఇంకోసారి చూసింది.

"సార్, బీపీ టాబ్లెట్ ఏదైనా వాడుతున్నారా?"

"నాకెందుకమ్మా?"

"168/104 ఉంది సార్. 140/90 దాటితే రక్తం తీసుకోకూడదు. ఒకసారి డాక్టరుకి చూపించుకోండి."

వరసలో నా వెనక ఉన్నవాడు ఒకప్పుడు నా చేతిలో గుంజీలు తీసిన కుర్రాడే. ఇప్పుడు ముప్పై దాటి చక్కగా బొజ్జ పెంచాడు. "డ్రిల్లు మాస్టారికి బీపీ ఏంటి? మిషన్ పోయుంటుంది" అని గట్టిగా నవ్వాడు. తర్వాత వాడికి అదే మిషన్‌తో చూస్తే 122/78. వాణ్ణి మంచం మీదికి పంపారు. నాకు మాత్రం ఒక మామిడి జ్యూస్ ప్యాకెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. వయసు 46. ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ డ్రిల్లు మాస్టారనే అంటారు. బరువు 68 కిలోలు, పాతికేళ్లప్పుడు కుట్టించుకున్న ప్యాంటు ఇప్పటికీ పడుతుంది. సిగరెట్టు, మందు అలవాటు లేవు. పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే వేళకి వుడా పార్కు దగ్గర ఉంటాను. అక్కణ్ణించి సబ్‌మెరైన్, కాళీమాత గుడి దాటుకుని కోస్టల్ బ్యాటరీ దాకా పరుగు, మళ్లీ వెనక్కి. సాయంత్రం పిల్లలతో ఖోఖో. శనివారం కైలాసగిరి మెట్లు. ఇంత చేసేవాడికి బీపీ వస్తే, ఇక ఏమీ చెయ్యనివాళ్ల గతేమిటని నాకు నిజంగానే కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలీదు.

మర్నాడే మెడికల్ షాపులో ఒక డిజిటల్ మిషన్ కొన్నాను. ఆ అమ్మాయి చూసింది తప్పని రుజువు చెయ్యాలని నా పంతం. సంక్రాంతికి తగరపువలస దగ్గర మా ఊళ్లో నాలుగు రోజులు అరిసెలు, జంతికలు, ఉప్పుచేపలు లాగించాను కదా, దాని ప్రభావమే అయ్యుంటుంది అనుకున్నాను. శిబిరంలో మైకు గోల ఒకటి. వెళ్లేముందు తాగిన కాఫీ ఒకటి. కారణాలకు కొదవ లేదు.

పొద్దున్న లేవగానే చూస్తే 154/98. నచ్చలేదు. పరుగు నుంచి వచ్చి, స్నానం చేసి, కాసేపు ఫ్యాను కింద కూర్చుని చూస్తే 124/78. నచ్చింది. పుస్తకంలో రాశాను. ఇలా మూడు వారాలు రాశాను. అంకెలు ముచ్చటగా ఉన్నాయి. పొద్దుటి అంకెల్ని "నిద్ర మత్తు" కింద కొట్టిపారేశాను. పిల్లలు గీత దాటి ఒక అంగుళం ముందు కాలు పెట్టినా విజిల్ ఊదే మనిషిని నేను.

మా ఆవిడ ఒకరోజు ఆ పుస్తకం తిరగేసింది. "అన్నీ ఏడున్నరకే ఉన్నాయేంటండీ? పొద్దున్నవి ఏవీ?" అంది. నేను ఏదో గొణిగాను. ఆమె మాట్లాడకుండా ఆ సాయంత్రానికి డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుంది.

మహారాణిపేటలో ఉన్న పెద్దవయసు ఫిజీషియన్ ఆయన. గదిలోకి వెళ్లగానే బీపీ చూడలేదు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. మాట్లాడకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. బాత్రూమ్‌కి వెళ్లాల్సి ఉంటే ముందే వెళ్లి రావాలి. అరగంట లోపు కాఫీ తాగి ఉండకూడదు. రెండు చేతులకీ చూశారు, నిలబెట్టి ఇంకోసారి చూశారు. 158/100.

నా పుస్తకం చూపించాను. ఒక్క చూపులో పట్టేశారు. "పరిగెత్తాక చూశారా మాస్టారూ?"

వ్యాయామం అయ్యాక రక్తనాళాలు సడలి ఉంటాయట. ఆ తగ్గుదల కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా ఉంటుందట. మంచిదే, కానీ దాన్ని చూసి బీపీ లేదనుకోవడం ఎండాకాలం వానపడిన పూట వేసవి అయిపోయిందనుకోవడం లాంటిదన్నారు. ఇంట్లో చూసుకోవాలంటే పొద్దున్న పరుగుకి ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, వారం రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తియ్యాలి. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే.

కొందరికి తెల్లకోటు చూడగానే పెరుగుతుంది కదా, నాదీ అదేనేమో అని అడిగాను. ఆఖరి ఆశ. అయితే తేల్చేద్దామని 24 గంటల మిషన్ కట్టించారు.

ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చేతికి పట్టీ, నడుముకి చిన్న డబ్బా. పగలు అరగంటకోసారి, రాత్రి గంటకోసారి దానంతట అదే బిగుస్తుంది. బిగిసినప్పుడు చెయ్యి కదపకూడదు. ప్రార్థనలో "సావధాన్" అని నేను అరిచిన క్షణంలోనే అది బుర్రుమని బిగిసింది. ఆరువందల మంది పిల్లల ముందు చెయ్యి వేలాడేసి బొమ్మలా నిలబడ్డాను. ఆరో తరగతి కుర్రాడొకడు "సార్, చేతికి ఏం కట్టారు? బాంబా?" అన్నాడు. బీపీ అని చెప్పడానికి నోరు రాలేదు. "భుజం పట్టేసిందిరా" అన్నాను.

పగటి సగటు 151/95. రాత్రి నిద్రలో 138/86. తెల్లకోటు కథ అక్కడితో సరి, నా పడగ్గదిలోకి ఏ డాక్టరూ రాలేదు కదా. పైగా నిద్రలో బీపీ పగటికంటే కనీసం పదో వంతు తగ్గాలట, నాకు అంత కూడా తగ్గలేదు. గురక పెడతారా అని మా ఆవిణ్ణి అడిగారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉన్నవాళ్లకి బీపీ మందులకు కూడా ఒక పట్టాన లొంగదట. "గురక లేదండీ, నిద్రలో విజిల్ ఊదుతున్నట్టు కలవరిస్తారంతే" అంది.

తర్వాత అసలు విచారణ మొదలైంది. రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు? ఏమీ లేవన్నాను. ఆలోచించి చెప్పండన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, మోకాలి నొప్పికి మెడికల్ షాపులో తీసుకున్న డైక్లోఫెనాక్. అది మందు లెక్కలోకి వస్తుందని నాకు తోచనే లేదు. కైలాసగిరి ఎక్కిన రోజు ఒకటి, స్కూల్లో పోటీలుంటే ఒకటి, అలా అలా ఏడాదిగా వారానికి నాలుగైదు. ఆ రకం నొప్పి మాత్రలు కిడ్నీలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేలా చేస్తాయట, దాంతో బీపీ పెరుగుతుందట. అలాగే ముక్కు దిబ్బడకి వేసుకునే కొన్ని జలుబు మాత్రలు, దగ్గుకి నమిలే అతిమధురం కూడా పెంచగలవని చెప్పారు. నొప్పి మాత్ర ఆ రోజే మానేశాను. మోకాలికి ఫిజియోథెరపీ చేయించుకున్నాను, ఆ పని ఏడాది ముందే చెయ్యాల్సింది.

రెండోది ఉప్పు. నేను చిప్స్ తినను, హోటలు తిండి తినను, కాబట్టి నాకు ఉప్పు సమస్య లేదని ధీమాగా చెప్పాను. మనిషికి రోజుకి అయిదు గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే చెంచాడు. మా ఆవిడ ఇంటికొచ్చాక లెక్క వేసింది. మేం నలుగురం. కిలో ఉప్పు ప్యాకెట్టు అయిదు వారాలు వస్తుంది. తలా ఏడు గ్రాములు. ఇందులో ఆవకాయ లేదు, ఊరి నుంచి వచ్చే అప్పడాలు, వడియాలు లేవు, ఉప్పుచేప లేదు. పప్పుచారు వండిన రోజు ఉప్పుచేప లేకపోతే మా ఇంట్లో అది భోజనం కిందే లెక్కకాదు.

నేను దాచినది ఇంకొకటుంది. దాచానని అనకూడదు, అది నా దృష్టిలో ఆరోగ్య సూత్రం. విశాఖ ఉక్కలో పరిగెడితే బనీను పిండుకోవాలి. చెమటతో ఉప్పు పోతుంది కదా అని పరుగయ్యాక రోజూ ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలుపుకుని తాగేవాణ్ణి. సాయంత్రం ఉప్పేసిన నిమ్మరసం. ఆ ప్యాకెట్టు మీద ఏముందో డాక్టరు చెప్పేదాకా చదవలేదు. 2.6 గ్రాముల ఉప్పు, అది కాక సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. "విరేచనాలతో నీరసించిన పిల్లాడికి ప్రాణం పోసే మందు మాస్టారూ అది. గంట పరిగెత్తినవాడికి మంచినీళ్లు చాలు" అన్నారు. ఇన్నేళ్లూ పిల్లలకు కూడా అదే నేర్పాను నేను.

ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు.

మా నాన్న పోర్టులో గుమాస్తా. 58 ఏళ్లకి, రిటైర్‌మెంటు దగ్గరపడిందనగా, ఒక పొద్దున్న చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ వార్డులో ఆయన మంచం పక్కన నేను పదకొండు రాత్రులు కూర్చున్నాను. అంతకు నాలుగేళ్ల ముందే ఆయనకి బీపీ అని తెలుసు. నాలుగు నెలలు మాత్రలు వేసుకుని, "బాగానే ఉందిరా" అని మానేశారు. ఆయన లావుగా ఉండేవారు. కూర్చున్నచోటి నుంచి కదిలేవారు కాదు. అందుకని నేను ఒక లెక్క వేసుకున్నాను, అది ఒళ్లు కదపనివాళ్ల జబ్బు, నేను కదుపుతూ ఉంటే నా జోలికి రాదు అని. ఇరవై ఏళ్లుగా బీచ్ రోడ్డు మీద నేను దేన్నుంచి పరిగెడుతున్నానో ఆ డాక్టరు గదిలో కూర్చున్నప్పుడు అర్థమైంది. డాక్టరుకి మాత్రం "నాన్నగారికి ఉండేదండీ" అని రెండు ముక్కలే చెప్పాను.

బీపీ ఉన్న నూటికి తొంభై మందికి పైగా ఫలానాది అని చూపించే ఒక్క కారణం దొరకదట. వంశం, వయసు, ఉప్పు, బరువు, అన్నీ కలిసి తెస్తాయి. మిగతా కొద్దిమందిలో కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడటమో, అడ్రినల్ గ్రంథి ఎక్కువ హార్మోను తయారుచెయ్యడమో, థైరాయిడో ఉంటాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, థైరాయిడ్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ చూశారు. అన్నీ బాగానే వచ్చాయి. నిజం చెప్తే, ఏదో ఒకటి తేడాగా వస్తే బాగుండునని కోరుకున్నాను. ఒక కారణం దొరికితే నిందించడానికి ఒకటుండేది.

"మరి నేను ఇన్నేళ్లు పరిగెత్తింది ఎందుకండీ?" అని అడిగేశాను.

"వ్యాయామం వల్ల పై అంకె అయిదు నుంచి ఎనిమిది పాయింట్లు తగ్గుతుంది మాస్టారూ. మీరు పరిగెత్తకపోతే నాలుగేళ్ల ముందే, దీనికంటే పెద్ద అంకెతో నా దగ్గరికి వచ్చేవారు. షుగరు, కొలెస్ట్రాలు కూడా పట్టుకొచ్చేవారు."

ఆరు వారాలు గడువిచ్చారు. నొప్పి మాత్ర లేదు, ఓఆర్ఎస్ లేదు, ఆవకాయ ఆదివారం ఒక్క ముక్క, ఉప్పుచేప మొత్తానికే బంద్. ఈసారి దొంగాట లేకుండా పొద్దున్నా రాత్రీ రాశాను. సగటు 144/92. పదడుగులు వెయ్యాల్సిన చోట అయిదు వేసినట్టు. ఇంకో ఆరు వారాలు అడిగాను. ఆయన నా గుండె స్కానింగ్, అదే టూడీ ఎకో, రిపోర్టు నా ముందు పెట్టారు. గుండె ఎడమ గది గోడ మందం 12 మిల్లీమీటర్లు. ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువ. బాగా వ్యాయామం చేసేవాళ్లకి కూడా గోడ కొంచెం మందం కావచ్చు, నేను వెంటనే అదే అందుకున్నాను. ఆయన ఒప్పుకున్నారు కూడా. "కావచ్చు. కానీ బీపీ 150 ఉన్నవాడి గోడ మందంగా ఉంటే దాన్ని వ్యాయామం ఖాతాలో వేసి నేను నిద్రపోలేను" అన్నారు.

అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు.

మొదటి మాత్ర చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. "ఒకసారి మొదలెడితే జీవితాంతం మింగాల్సిందే" అని మా వాకింగ్ బృందంలో అందరూ అంటుంటారు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నన్ను చూసింది. "మీ నాన్న కూడా ఇలాగే చేతిలో పెట్టుకుని ఆలోచించేవాడురా నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. మింగేశాను.

రెండు వారాల్లో 130 దగ్గరికి దిగింది. మూడో వారంలో సాక్సు విప్పితే చీలమండ చుట్టూ లోతుగా గాడి. సాయంత్రానికి పాదాలు బూరెల్లా. కిడ్నీ పోయిందని భయపడి, డాక్టరుకి చెప్పకుండా ఇంకో నెల దాచాను. ఆ మందుకి కొందరిలో అలా వాపు రావడం మామూలేనని, కిడ్నీతో దానికి సంబంధం లేదని ఒక్క ఫోన్ చేసుంటే తెలిసేది.

ఆ వాపు కాళ్లతోనే ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను. 32 కిలోమీటర్లు. కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పూఘర్ మీదుగా తెల్లవారేసరికి మళ్లీ కొండ కిందికి. దారి పొడవునా జనం మజ్జిగ, పులిహోర, నిమ్మరసం చేతుల్లో పెడుతూనే ఉంటారు, వద్దంటే బాధపడతారు. ఇంటికొచ్చి నిద్రపోయి లేచి చూస్తే 116/72! అప్పన్న దయ అనుకున్నాను. మాత్ర ఆపేశాను.

నాలుగు రోజులు బాగానే ఉంది. ఆ మందు ప్రభావం ఒంట్లోంచి పోవడానికే కొన్ని రోజులు పడుతుందని అప్పుడు తెలీదు. పన్నెండో రోజు 158/98. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు, ఆ పొద్దున్నే హాయిగా ఆరు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాను. ఏమీ తెలియకపోవడం చూశాకే నాకు ఒళ్లు జలదరించింది. నాన్న "బాగానే ఉందిరా" అన్నప్పుడు ఆయనకీ నిజంగా బాగానే ఉండి ఉంటుంది.

డాక్టరు తిట్టలేదు. "మ్యాచ్ గెలుస్తున్నాం కదా అని గోల్‌కీపర్ని బయటికి పంపేస్తారా మాస్టారూ?" అన్నారంతే. మందు మార్చి టెల్మిసార్టన్ 40 ఇచ్చారు. మూడు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూశారు. షాపుల్లో దొరికే సోడియం తక్కువ ఉప్పు నన్నడక్కుండా వాడొద్దన్నారు, అందులో పొటాషియం ఉంటుంది, ఈ మందు కూడా ఒంట్లో పొటాషియంని పెంచగలదు. వాపు పోయింది. సగటు 126/80 దగ్గర నిలబడింది.

మధ్యలో ఒక్కసారి దెబ్బ తగిలింది. మే నెల వేసవి శిబిరంలో బయటి తిండి తిని నాకు విరేచనాలు పట్టుకున్నాయి. మాత్ర మాత్రం క్రమశిక్షణగా వేసుకున్నాను. గ్రౌండ్‌లో కళ్లు బైర్లు కమ్మి వాలీబాల్ స్తంభం పట్టుకుని నిలబడ్డాను. చూస్తే 94/60. ఫోన్ చేస్తే, ఒంట్లో నీరు పోయినప్పుడు ఆ మాత్ర ఒకటి రెండు రోజులు ఆపాలని, వాంతులు, విరేచనాలు అయితే ముందు తనకి ఫోన్ చెయ్యాలని చెప్పారు. ఆ రోజు మాత్రం ఓఆర్ఎస్ తాగమన్నారు! ఎంత రుచిగా అనిపించిందో.

మొన్న డిసెంబరులో మళ్లీ రక్తం ఇచ్చాను. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఇవ్వకూడదనుకునేవాణ్ణి. బీపీ 140/90 లోపు ఉండి, గత 28 రోజుల్లో మందు గానీ డోసు గానీ మార్చకుండా ఉండి, గుండె, కిడ్నీ వంటివాటికి ఇబ్బంది లేకపోతే ఇవ్వొచ్చట. నా ఎకో రిపోర్టు కూడా చూపించాను. అక్కడి డాక్టరు తిరగేసి, సరే పడుకోమన్నారు.

ఇప్పుడు మిషన్ స్కూలు బీరువాలో ఉంటోంది, వాలీబాల్ పంపు పక్కన. స్టాఫ్ రూములో నా సంగతి అందరికీ తెలిసిపోయింది, పిల్లలకి కూడా. పోయిన వారం లంచ్ అవర్లో మా హిందీ మేడమ్ సరదాగా చెయ్యి చాపారు. రోజూ యోగా చేసే మనిషి, సన్నగా ఉంటారు. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి మేడమ్ అంటే ఆమె వల్ల అయ్యేది కాదు, ఎలాగో కూర్చోబెట్టాను. 162/98. రెండోసారి 160/96.

"రాత్రి సరిగ్గా నిద్ర లేదు మాస్టారూ. పొద్దున్న ఫేస్ అటెండెన్స్ పడక అదొక టెన్షన్. ఇందాకే కాఫీ కూడా తాగాను" అన్నారు.

అంకె, టైము చీటీ మీద రాసి ఆమె డబ్బా పక్కన పెట్టాను. డబ్బాలో ఆవకాయ కలిపిన అన్నం ఉంది.